విపత్తు బాధితుల సంరక్షణలో భిన్న వృత్తుల బృందకృషి

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత, విపత్తు బాధితుల సంరక్షణకు ఏ ఒక్క వృత్తీ ఎందుకు చాలదో మీరు వివరించగలుగుతారు. పక్కపక్కన పనిచేయడానికీ, కలిసి పనిచేయడానికీ ఉన్న తేడాను గుర్తించగలుగుతారు. పునరావాస కేంద్రంలో ఎవరి దగ్గరున్న సమాచారం ఎవరికి, ఎంతవరకు చేరాలో చెప్పగలుగుతారు. పాఠం చివర ఒక అభ్యాసం ఉంది. దాన్ని మీ ఊళ్లోనే చేయాలి. కాబట్టి చదువుతున్నంతసేపూ మీ ఊరిని మనసులో ఉంచుకోండి.

1. పరిచయం

2024 ఆగస్టు 31 శనివారం, ఆ మరునాడు ఆదివారం కురిసిన వాన మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. సూర్యాపేట జిల్లాలోని కోదాడ, హుజూర్‌నగర్ ప్రాంతాల్లో ఒక్క రోజులోనే 20 సెంటీమీటర్లకు మించి వర్షం పడింది. కోదాడ పట్టణంలో కాలనీలు నీట మునిగాయి, వాహనాలు కొట్టుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర నాగార్జునసాగర్ ఎడమ కాలువకు గండి పడింది. హైదరాబాదు, విజయవాడల మధ్య 65వ నంబరు జాతీయ రహదారి మీద రాకపోకలు ఆగిపోయాయి. ఖమ్మంలో మున్నేరు పొంగి, ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుపోతే, హెలికాప్టర్ రాలేని స్థితిలో ఒక జేసీబీ డ్రైవరు వెళ్లి వాళ్లను ఒడ్డుకు చేర్చాడు. అటు విజయవాడలో బుడమేరు కాలనీలను ముంచింది. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. బ్యారేజీ చరిత్రలో అదే అత్యధికం.

ఆ జేసీబీ డ్రైవరు సాహసం టీవీలో అందరూ చూశారు. పత్రికల్లోనూ, టీవీల్లోనూ విపత్తు రెండు మూడు రోజుల సంఘటన. ఈ పాఠం మాత్రం ఆ తరువాతి వారాల గురించి, నెలల గురించి. నీళ్లు తీసిన తరువాత ఇంట్లో మోకాలి లోతు బురద ఉంటుంది. పట్టాదారు పాసుపుస్తకం తడిసి ముద్దవుతుంది. పిల్లవాడు వాన చప్పుడు వింటేనే ఉలిక్కిపడతాడు. బాధితుడి దగ్గరికి అప్పటికి చాలామంది వచ్చి వెళ్లి ఉంటారు. వచ్చినవాళ్లంతా తమ పని తాము చేసే ఉంటారు. అయినా అతనికి కావలసిన సాయం అంది ఉండకపోవచ్చు. ఇలా ఎందుకు జరుగుతుందన్నదే మన ప్రశ్న.

మిర్యాలగూడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా కోదాడ వెళ్లే దారిలో నేరేడుచర్ల ఉంది. ఎడమ కాలువ కింద వరి పండే నేల. దక్షిణాన కృష్ణ, పడమటి వైపు మూసీ ఉన్నాయి. ఈ ప్రాంతానికి అన్నం పెట్టేదీ నీళ్లే, ముంచేదీ నీళ్లే. ఈ పాఠంలోని ఉదాహరణలను ఎక్కువగా ఇక్కడి నుంచే తీసుకున్నాం.

2. పక్కపక్కన పనిచేయడం, కలిసి పనిచేయడం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో వృత్తుల మధ్య సహకారంపై ఒక ప్రణాళిక చట్రాన్ని విడుదల చేసింది. వేర్వేరు వృత్తుల వారు ఒకరి గురించి ఒకరు, ఒకరి నుంచి ఒకరు, ఒకరితో ఒకరు నేర్చుకోవాలన్నది దాని సారాంశం. చదవడానికి తేలికగా ఉన్నా ఆచరణలో ఇది కష్టం. కష్టం ఎక్కడుందో తెలియాలంటే మీకు బాగా తెలిసిన ఒక చోటు చూద్దాం. అది ధాన్యం కొనుగోలు కేంద్రం.

యాసంగి కోతలు అయ్యాక ఐకేపీ కేంద్రంలో ఏం జరుగుతుందో గుర్తు చేసుకోండి. రైతు ధాన్యం తెచ్చి కుప్ప పోస్తాడు. వ్యవసాయ విస్తరణ అధికారి నాణ్యత చూస్తాడు. మహిళా సంఘం సభ్యులు తేమ 17 శాతం దాటలేదని మీటరు పెట్టి చూసి, టోకెను ఇస్తారు. హమాలీలు తూకం వేసి బస్తాలు కుడతారు. లారీ వాళ్లు మోస్తారు. మిల్లరు దించుకుంటాడు. ప్రతి ఒక్కరికీ పని తెలుసు, ప్రతి ఒక్కరూ చేస్తారు. అయినా కొన్ని రోజులు ధాన్యం అక్కడే ఉండిపోతుంది. తేమ చూసిన రోజున గోనె సంచులు ఉండవు. సంచులు వచ్చిన రోజున లారీ రాదు. లారీ వచ్చేసరికి అకాల వర్షం పడి ధాన్యం మళ్లీ తడుస్తుంది. అడిగితే అందరూ చెప్పేది ఒకే మాట: "నా పని నేను చేశాను." అందరూ నిజమే చెబుతున్నారు. కుప్ప మీద మాత్రం మొలకలు వస్తున్నాయి.

ఇది పక్కపక్కన పనిచేయడం. దీన్నే బహుళ వృత్తుల పని అంటారు. ఒకే బాధితుడి కోసం చాలా వృత్తులు పనిచేస్తాయి కానీ, ఒకరి పని ఎక్కడ ముగిసి మరొకరి పని ఎక్కడ మొదలవుతుందో ఎవరూ చూడరు. కలిసి పనిచేసే బృందంలో లక్ష్యం ఒక్కటే ఉంటుంది. ఎవరి పని ఏమిటో మిగతావారికి తెలుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి పని మారే చోటును ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉంటారు. విపత్తుల్లో పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఈ చేతులు మారే చోటే. వైద్యుడికి వైద్యం రాకపోవడం వల్ల జరిగే నష్టం తక్కువ. వైద్యుడికి తెలిసింది వంట మనిషికి తెలియకపోవడం వల్ల జరిగే నష్టం ఎక్కువ. ఈ మాట మీకు వింతగా అనిపించవచ్చు. తరువాతి భాగం చదివాక మరోసారి ఆలోచించండి.

3. ఒక ఉదాహరణ: హైస్కూల్లో మూడో రోజు

ఇది పాఠం కోసం ఊహించిన ఉదాహరణ. ఇందులోని మనిషి నిజమైన వ్యక్తి కాదు. ఇందులోని ఇబ్బందులు మాత్రం వరద వచ్చిన ప్రతి చోటా ఉండేవే.

నేరేడుచర్ల చుట్టుపక్కల ఒక గ్రామం. వాగు పొంగి ఎస్సీ కాలనీ మునిగింది. డెబ్బై కుటుంబాలు జిల్లా పరిషత్ హైస్కూల్లో ఉన్నాయి. అందులో అరవై ఏళ్ల ఒక తల్లి ఉంది. భర్త లేడు. కొడుకూ కోడలూ హైదరాబాదులో పనికి వెళ్లారు. ఎనిమిదేళ్ల మనవడు ఆమె దగ్గరే ఉంటాడు. మూడెకరాలు కౌలుకు చేస్తోంది. ఒక గేదె ఉండేది. ఇంటి గోడ కూలింది, గేదె కనబడడం లేదు. ఆమెకు పదేళ్లుగా చక్కెర వ్యాధి, రోజుకు రెండు పూటలా ఇన్సులిన్ తీసుకుంటుంది.

మూడో రోజు సాయంత్రానికి ఆమెను ఆరుగురు పలకరించారు. ఏఎన్ఎం జ్వరం ఉందా అని అడిగింది. వైద్య శిబిరంలో డాక్టరు రక్త పరీక్ష చేయించి, ఇన్సులిన్ ఇచ్చి, వేళకు వేసుకొమ్మన్నారు. పంచాయతీ కార్యదర్శి ఇల్లు ఎంతమేరకు కూలిందో రాసుకున్నాడు. వ్యవసాయ విస్తరణ అధికారి పంట వివరాలు అడిగి పాసుపుస్తకం ఉందా అన్నాడు. ఒక స్వచ్ఛంద సంస్థ కార్యకర్త దుప్పటి ఇచ్చి ఫోటో తీసుకుంది. ఇంకో సంస్థ నుంచి వచ్చిన కౌన్సెలింగ్ విద్యార్థి ఆ రాత్రి ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పమన్నాడు. ఆరుగురూ పేరు, ఆధార్ నంబరు, ఇంటి నంబరు అడిగారు. ఆరుసార్లూ ఆమె గోడ కూలిన సంగతి చెప్పింది. ఆరో మనిషి దగ్గరికి వచ్చేసరికి, "అన్నీ రాసుకున్నరు కద నాయనా, వాళ్లనే అడుగుండ్రి" అంది.

నాలుగో రోజు ఉదయం ఆమె స్పృహ తప్పి పడిపోయింది.

కారణం ఏమిటి? డాక్టరు ఇచ్చిన మందు సరైనదే, మోతాదు కూడా సరైనదే. కానీ శిబిరంలో భోజనం వేళకు రావడం లేదు. మధ్యాహ్న భోజన కార్మికులు ఇద్దరే. వాళ్లు రోజూ బడి పిల్లలకు వండేవాళ్లు, ఇప్పుడు రెండు వందల మందికి మూడు పూటలా వండాలి. పొద్దున టిఫిను తొమ్మిదికి రావాల్సింది పదకొండుకు వస్తోంది. ఆమె మాత్రం డాక్టరు చెప్పినట్టే ఏడు గంటలకు సూది వేసుకుంది. తిండి లేకుండా ఇన్సులిన్ వేసుకుంటే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. ఆ సంగతి డాక్టరుకు తెలుసు. భోజనం ఆలస్యమవుతోందని వంట మనిషికి తెలుసు. ఆమె రాత్రి కూడా సరిగ్గా తినలేదని పక్కన పడుకున్న మనిషికి తెలుసు. ఈ ముగ్గురూ ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

ఇక్కడ ఏం చేసి ఉండాల్సింది? ఖర్చుతో కూడిన పని ఏదీ అవసరం లేదు. శిబిరంలో ఇన్సులిన్ వాడేవాళ్లు ఎంతమందో ఆశా కార్యకర్త ఒక కాగితం మీద రాసి వంట గది తలుపుకు కాదు, వంట మనిషి చేతికి ఇవ్వాలి. తలుపుకు అంటిస్తే ఎవరికి ఏ జబ్బో ఊరంతా చదువుతుంది. ఆ నలుగురైదుగురికి ముందుగా పెట్టడానికి రాత్రే కొంచెం అటుకులో, బిస్కెట్లో తీసి పెట్టాలి. కరెంటు లేనిచోట ఇన్సులిన్ సీసాను తడి ఇసుక పోసిన కొత్త కుండలో చల్లగా ఉంచవచ్చునని ఏఎన్ఎం చూపించాలి. అంతే. కానీ ఇది జరగాలంటే శిబిరంలో వంట చేసే మనిషి సంరక్షణ బృందంలో సభ్యురాలని మొదట ఎవరో ఒకరు అనుకోవాలి. మన పుస్తకాల్లో బృందం అనగానే డాక్టరు, నర్సు, సామాజిక కార్యకర్త, మనస్తత్వవేత్త అని రాస్తారు. వంట మనిషి పేరు ఆ వరుసలో దాదాపు ఎప్పుడూ కనిపించదు.

ఆమె గేదె సంగతి చూద్దాం. ఐదో రోజు పక్క ఊరి పొలం గట్టు దగ్గర మూడు పశువుల కళేబరాలు దొరికాయి. దుర్వాసన వస్తోంది, బావులు పక్కనే ఉన్నాయి. పారిశుధ్య సిబ్బంది వెంటనే జేసీబీతో గుంట తీసి, సున్నం చల్లి పూడ్చారు. ఆరోగ్యపరంగా అది సరైన పని. కానీ పశువు చనిపోయిందని పశువైద్య సిబ్బంది ధ్రువీకరించకపోతే నష్టపరిహారం అందడం కష్టం. పూడ్చిపెట్టాక ధ్రువీకరించేది దేన్ని? రెండు శాఖలూ తమ నియమాలు పాటించాయి, నష్టపోయింది ఆమె. పశువు చెవికి 12 అంకెల నంబరు ఉన్న పసుపు పచ్చని ట్యాగు ఉంటుంది. పూడ్చే ముందు ఆ ట్యాగు కనబడేలా ఒక ఫోటో తీసి పశువైద్య సహాయకుడికి పంపి ఉంటే రెండు పనులూ అయ్యేవి. ఐదు నిమిషాల పని అది. ఐదు నిమిషాలు ఆగాలని జేసీబీ దగ్గరున్న మనిషికి ముందే తెలిసి ఉండాలి.

మనవడి సంగతి చివరికి ఎవరు గమనించారు? అంగన్‌వాడీ టీచరు. నాలుగు రోజులుగా పిల్లవాడు ఎవరితోనూ మాట్లాడడం లేదు, రాత్రిళ్లు పక్క తడుపుతున్నాడు. ఇంత పెద్ద భయం తరువాత ఆ వయసు పిల్లల్లో ఇది సాధారణమే. ఎక్కువమందిలో కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. తగ్గడానికి బాగా సాయపడేవి రోజువారీ అలవాట్లు: ఒకే వేళకు నిద్ర, ఆట, బడి. అయితే ఇక్కడొక చిక్కు ఉంది. బడే పునరావాస కేంద్రం. పెద్దలకు నీడ ఇవ్వాలంటే బడి మూయాలి, పిల్లలు కుదుటపడాలంటే బడి తెరవాలి. ఈ రెండింటిలో ఏది ముందు అన్నది రెవెన్యూ అధికారి ఒక్కరే తేల్చే విషయం కాదు, ప్రధానోపాధ్యాయుడు ఒక్కరే తేల్చేదీ కాదు. వరండాలో రోజుకు రెండు గంటలు పాఠాలు, ఆటలు మొదలుపెట్టడం వంటి మధ్యేమార్గం ఇద్దరూ కూర్చుంటేనే దొరుకుతుంది.

మీ అవగాహనను పరీక్షించుకోండి: పై ఉదాహరణలో పని ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారిన చోట్లు ఎన్ని ఉన్నాయి? వాటిలో ఎవరూ గమనించనివి ఏవి? కౌలు పంట నష్టం విషయంలో పాసుపుస్తకం అడిగిన అధికారి ఇంకెవరితో మాట్లాడి ఉండాల్సింది?

4. అనుభవం నేర్పినవి

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. అవనిగడ్డ, నాగాయలంక ప్రాంతాల్లో సుమారు పదివేల మంది చనిపోయారు. అప్పట్లో సాయం అంటే మృతదేహాల ఖననం, తిండి, బట్ట, ఇల్లు. స్వచ్ఛంద కార్యకర్తలు చేసిన సేవ గొప్పది. కానీ బతికి బయటపడినవాళ్ల దుఃఖానికి ఒక వృత్తి సాయం అవసరమన్న ఆలోచన ఇంకా బలపడలేదు. 1990 మే నెలలో దాదాపు అంతే తీవ్రమైన తుఫాను కోస్తాను తాకినప్పుడు, ముందస్తు హెచ్చరికల వల్ల లక్షలాది మందిని తరలించారు. మృతుల సంఖ్య వెయ్యి లోపే ఉంది. వాతావరణ శాఖ, రెవెన్యూ, పోలీసు, రవాణా కలిసి పనిచేస్తే ప్రాణాలు నిలుస్తాయని ఆ తేడా చూపించింది. ప్రాణం నిలిచిన తరువాతి సంగతి వేరే చోట నేర్చుకున్నాం.

ఆ చోటు భోపాల్. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి వెలువడిన విషవాయువు తరువాత వేలాదిమంది ఊపిరాడక, కళ్లు కనబడక బాధపడ్డారు. క్లినిక్కులకు వచ్చినవాళ్లలో చాలామందికి శరీర బాధతో పాటు భయం, నిద్రలేమి, దిగులు ఉన్నాయి. చూడడానికి మానసిక వైద్యులు ఎక్కడున్నారు? బెంగుళూరులోని నిమ్హాన్స్ నిపుణులు అక్కడి సాధారణ వైద్యాధికారులకే మానసిక సమస్యలను గుర్తించడం, తొలి చికిత్స చేయడం నేర్పారు. ఒక వృత్తి దగ్గరున్న నైపుణ్యంలో కొంత భాగాన్ని మరో వృత్తికి అప్పగించే ఈ పద్ధతి తరువాత 1999 ఒడిశా మహాతుఫాను, 2001 గుజరాత్ భూకంపం, 2004 సునామీల్లో మరింత కిందికి వెళ్లింది. ఉపాధ్యాయులకు, అంగన్‌వాడీ కార్యకర్తలకు, ఊరి యువకులకు కూడా శిక్షణ ఇచ్చారు. 2009లో జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ మనో సామాజిక సహాయంపై ప్రత్యేక మార్గదర్శకాలు వెలువరించింది.

5. చట్టంలో బృందం

విపత్తు నిర్వహణ చట్టం, 2005 ప్రకారం ప్రతి జిల్లాకూ ఒక ప్రాధికార సంస్థ ఉండాలి. దానికి కలెక్టరు అధ్యక్షులు, ఎన్నికైన స్థానిక సంస్థ ప్రతినిధి సహాధ్యక్షులు. పోలీసు సూపరింటెండెంటు, జిల్లా వైద్యాధికారి అందులో సభ్యులు. మరో ఇద్దరు జిల్లా స్థాయి అధికారులను రాష్ట్ర ప్రభుత్వం నియమించవచ్చు. ఈ కూర్పును ఒకసారి జాగ్రత్తగా చూడండి. పశుసంవర్ధక శాఖ, విద్యాశాఖ, స్త్రీ శిశు సంక్షేమ శాఖ, వ్యవసాయ శాఖ ఈ నాలుగూ ఆ మిగిలిన రెండు కుర్చీల కోసం చూడాలి. సహాయ ప్రమాణాల గురించి చెప్పే 12వ సెక్షను నివాసం, ఆహారం, తాగునీరు, వైద్యం, పారిశుధ్యం పేర్కొంటుంది, వితంతువులకూ అనాథలకూ ప్రత్యేక ఏర్పాట్లు అడుగుతుంది. మనసు గురించి విడిగా మాట లేదు. వైద్యం అన్న మాటలోనే దాన్ని చదువుకోవాలి.

చట్టం కాగితం మీద ఉంటుంది, బృందం మనుషులతో ఉంటుంది. 2024 వరద నాటి తెలంగాణ గ్రామాన్ని తీసుకోండి. వీఆర్వో వ్యవస్థ 2020లోనే రద్దయింది. సర్పంచుల పదవీకాలం 2024 జనవరి చివరితో ముగిసి, పంచాయతీలు ప్రత్యేకాధికారుల చేతికి వెళ్లాయి. ఆ ఏడాది జూలైలో మండల, జిల్లా పరిషత్తుల గడువూ ముగిసింది. అంటే ఏ ఇంట్లో ముసలివాళ్లు ఒంటరిగా ఉన్నారో, ఎవరు కౌలుకు చేస్తున్నారో నోటికి చెప్పగల మనుషుల్లో ఇద్దరు ఆ రాత్రి పదవిలో లేరు. ఆ బరువు పంచాయతీ కార్యదర్శి, ఆశా, అంగన్‌వాడీ టీచరుల మీద పడింది. వ్యవస్థలు మారడం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. బృందాన్ని తయారు చేసేటప్పుడు, పదవి ఎవరికి ఉందో కాక విషయం ఎవరికి తెలుసో అడగాలన్నది ఇక్కడి పాయింటు. మాజీ సర్పంచి, కాలువ లష్కరు, రేషను డీలరు, విద్యుత్ లైన్‌మన్ వంటివారికి ఊరు ఇంటింటా తెలుసు.

కొన్ని పనులకు మూడు నాలుగు శాఖలు కలవక తప్పదు. వరదలో కొట్టుకుపోయి మృతదేహం దొరకని సందర్భం అటువంటిదే. సాధారణ చట్టం ప్రకారం ఏడేళ్లు ఆచూకీ లేకపోతేనే మరణించినట్టు భావిస్తారు. 2004 సునామీ, 2013 ఉత్తరాఖండ్ వరదల తరువాత మరణ ధ్రువపత్రాల కోసం ప్రత్యేక పద్ధతి తేవలసి వచ్చింది. ధ్రువపత్రం లేనిదే పరిహారం లేదు, వితంతు పింఛను లేదు, బ్యాంకు ఖాతా కదలదు. పోలీసు, రెవెన్యూ, జనన మరణాల రిజిస్ట్రారు, ఉచిత న్యాయ సహాయం చేసే న్యాయవాది ఈ కుటుంబం కోసం ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలి. ఇంకో మాట. ఆ ధ్రువపత్రం చేతికి అందిన రోజు ఆ ఇంట్లో మనిషి రెండోసారి చనిపోయినట్టే ఉంటుంది. కాగితం ఇచ్చే రోజు ఏఎన్ఎమో, సామాజిక కార్యకర్తో పక్కన ఉండాలి. కాగితం ఇచ్చే వృత్తికీ, కన్నీళ్లు చూసే వృత్తికీ మధ్య ఇంత దగ్గరి సంబంధం ఉంది.

6. మానసిక ప్రథమ చికిత్స అందరి పని

విపత్తు తరువాత దాదాపు అందరికీ మనోవేదన ఉంటుంది. వారిలో ఎక్కువమంది కుటుంబం, ఇరుగుపొరుగు, పని, పూజ, పండుగల సాయంతో కాలక్రమాన తేరుకుంటారు. కొద్దిమందికే నిపుణుల చికిత్స కావాలి. 2007లో అంతర్జాతీయ సంస్థలు కలిసి రూపొందించిన మార్గదర్శకాల్లో దీన్ని నాలుగు అంతస్తుల పిరమిడ్‌గా చూపారు. అడుగున భద్రత, మౌలిక అవసరాలు. దాని మీద కుటుంబం, సమాజం ఇచ్చే ఆసరా. దాని మీద శిక్షణ పొందిన సాధారణ కార్యకర్తల సాయం. కొసన మానసిక వైద్యులు. కొస చిన్నదే కానీ అక్కడ ఖాళీ ఉండకూడదు. అలాగే అడుగు అంతస్తు కూలితే కొసన ఎంత గొప్ప వైద్యుడున్నా ప్రయోజనం లేదు. స్త్రీలకు తలుపు గడియ పడే మరుగుదొడ్డి కట్టిన మేస్త్రీ కూడా మానసిక ఆరోగ్య సేవ చేసినట్టే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో మానసిక ప్రథమ చికిత్స కరదీపికను తెచ్చింది. దానిలో మూడు పనులున్నాయి: చూడడం, వినడం, కలపడం. ఎవరికి తక్షణ అవసరం ఉందో చూడాలి. దగ్గర కూర్చుని వినాలి. అవసరమైన సేవతో, అయినవాళ్లతో కలపాలి. ఇందులో రోగ నిర్ధారణ లేదు, సలహాలు గుప్పించడమూ లేదు. పోలీసు కానిస్టేబులైనా, లైన్‌మనైనా చేయగలరు.

మన ఉదాహరణలో కౌన్సెలింగ్ విద్యార్థి జరిగిందంతా మొదటి నుంచి చెప్పమన్నాడు కదా. అతని ఉద్దేశం మంచిదే. గుండెలోది కక్కేస్తే తేలికవుతుందని మనమంతా అనుకుంటాం. కానీ సంఘటన జరిగిన వెంటనే ఒక్క విడతలో బలవంతంగా చెప్పించడం వల్ల తరువాతి మానసిక సమస్యలు ఆగవని పరిశోధనల సమీక్షలు తేల్చాయి. కొందరికి హాని కూడా కలగవచ్చు. చెప్పాలనిపించినప్పుడు చెప్పుకునే చోటు ఉండాలి, చెప్పమని నిలదీయకూడదు. ఆరుగురు ఆరుసార్లు అడగడం ఈ దృష్టితో చూస్తే కేవలం కాలహరణం కాదు, అదే ఒక గాయం.

ఒక విషయంలో మాత్రం మొహమాటం పనికిరాదు. అప్పు చేసి కౌలు పట్టిన రైతు పంట ఇసుక మేట కింద పోయినప్పుడు, "ఇంకెందుకు బతకడం" అన్న మాట వినబడితే, చనిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా, మెల్లగా అడగాలి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. ఆ మాట మొదట వినేది తరచుగా వ్యవసాయ విస్తరణ అధికారి, ఎరువుల దుకాణందారు లేదా బ్యాంకు ఉద్యోగి. మనస్తత్వవేత్త చెవిన అది పడేసరికి ఆలస్యమవుతుంది. ఇంట్లో పురుగుల మందు డబ్బాలు ఎక్కడున్నాయో అడిగి, కొన్నాళ్లు పొరుగువారి దగ్గర దాచమనడం ఆ అధికారి చేయగల పని. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ సేవ 14416 నంబరులో తెలుగులో కూడా అందుతుంది. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలనీ, సంరక్షణ, చికిత్స, పునరావాసం ప్రభుత్వ బాధ్యత అనీ మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 చెబుతోంది.

7. చెప్పుకోవడం, దాచడం

ఒక వృత్తి నుంచి మరో వృత్తికి విషయం చేరవేసేటప్పుడు నాలుగు మాటలు చాలు: ఇప్పుడు పరిస్థితి ఏమిటి, దాని వెనుక సంగతి ఏమిటి, నేనేమనుకుంటున్నాను, మీరేం చేయాలి. అమెరికా నౌకాదళ జలాంతర్గాముల్లో మొదలై ఆసుపత్రులకు వచ్చిన పద్ధతి ఇది. ఆశా కార్యకర్త ఫోనులో ఇలా చెప్పవచ్చు: "సార్, హైస్కూల్లో ఒక పెద్దమ్మకు చెమటలు పడుతున్నయి, మాట తడబడుతున్నది. ఇన్సులిన్ ఏసుకుంది, పొద్దటి నుంచి తినలేదు. షుగర్ పడిపోయిందనుకుంటున్న. స్పృహలనే ఉంది కాబట్టి చక్కెర నీళ్లు తాగిస్తున్న, మీరు 108 పంపండి." పదిహేను సెకన్లు పడుతుంది. మూడో వాక్యం గమనించండి. కింది స్థాయి ఉద్యోగి తన అంచనాను పైవారికి చెప్పడం మన కార్యాలయాల్లో అలవాటు లేదు. "సార్ చూసుకుంటరు" అని ఊరుకోవడమే మర్యాద అనుకుంటాం. ఈ మర్యాద వల్ల ప్రాణాలు పోతాయి. కాబట్టి బృంద నాయకుడు ప్రతి సమావేశంలో చిన్న ఉద్యోగితో మొదట మాట్లాడించి, తాను చివర మాట్లాడడం మంచి పద్ధతి.

అందరికీ అన్నీ చెప్పాలని దీని అర్థం కాదు. హెచ్ఐవీ మందులు వాడే మనిషి, ఇంట్లో హింసను తప్పించుకుని వచ్చిన స్త్రీ, మానసిక వైద్యం పొందుతున్న యువకుడు కూడా అదే శిబిరంలో ఉంటారు. మానసిక రోగి వివరాల గోప్యతకు 2017 చట్టమే హక్కు కల్పించింది. ఎవరికి ఏం చెప్పాలన్నదానికి ఒక సులువైన కొలత ఉంది: ఈ సంగతి తెలియకపోతే ఆ వృత్తి తన పని చేయలేదా? వంట మనిషికి ఎవరికి వేళకు పెట్టాలో తెలియాలి, జబ్బు పేరు తెలియనవసరం లేదు. శిబిరం వాట్సాప్ గ్రూపులో పేర్లూ ఫోటోలూ పెట్టడం ఇప్పుడు మామూలైపోయింది. దీన్ని కఠినంగా ఆపాలి.

8. సంరక్షకులు కూడా బాధితులే

బయటి నుంచి వచ్చిన బృందం పది రోజుల తరువాత ఇంటికి వెళ్లిపోతుంది. ఆ ఊరి ఆశా కార్యకర్త ఇల్లూ అదే నీటిలో మునిగి ఉంటుంది. తన పిల్లలను బంధువుల ఇంట్లో వదిలి, తన బియ్యం డబ్బా ఏమైందో చూసుకోకుండా ఆమె క్లోరిన్ బిళ్లలు పంచుతుంది. గర్భిణుల జాబితా, ఎవరికి ఎప్పుడు నొప్పులు రావచ్చన్న లెక్క, క్షయ మందులు ఎవరికి అయిపోతాయన్న లెక్క ఆమె దగ్గరే ఉంటుంది. ఆమె కూలబడితే ఆ లెక్కలన్నీ ఆమెతోనే పోతాయి. మొదటి రెండు రోజుల్లోనే పొరుగు మండలం నుంచి మరో ఆశాను తెచ్చి ఆమెకు ఒక పూట సెలవు ఇవ్వడం, ఆమె ఇంటి నష్టాన్ని మిగతావారితో పాటే నమోదు చేయడం దయతో చేసే పనులు కావు, ప్రణాళికలో ఉండవలసినవి. నష్టం నమోదు చేయించుకోవడానికి తనకే వేళ చిక్కక గడువు దాటిపోయిన కార్యకర్తలు ప్రతి వరదలోనూ ఉంటారు.

అభ్యాసం

మీ గ్రామంలో లేదా వార్డులో రేపు రాత్రి వరద వస్తుందనుకోండి. పునరావాస కేంద్రం ఏ భవనంలో పెడతారో తెలుసుకుని ఒకసారి వెళ్లి చూడండి. మరుగుదొడ్లు ఎన్ని ఉన్నాయో, వాటికి గడియలు ఉన్నాయో లేదో రాసుకోండి. మీ ఊరి ఆశా, ఏఎన్ఎం, అంగన్‌వాడీ టీచరు, పంచాయతీ కార్యదర్శి, పశువైద్య సహాయకుడు, మధ్యాహ్న భోజన కార్మికురాలు వీరిలో కనీసం నలుగురిని విడివిడిగా కలవండి. ఒక్కొక్కరినీ రెండే ప్రశ్నలు అడగండి: వరద వస్తే మీరు మొదట ఎవరికి ఫోను చేస్తారు? మీకు మొదట ఎవరు ఫోను చేయాలని కోరుకుంటారు? జవాబులను బాణం గుర్తులతో ఒక కాగితం మీద గీయండి. ఎవరి వైపూ బాణం రాని పేరు ఒకటైనా కనబడుతుంది. ఆ వ్యక్తి దగ్గర మాత్రమే ఉన్న సమాచారం ఏమిటో రెండు పేజీలకు మించకుండా రాసి, మీ అధ్యయన కేంద్రంలోని తదుపరి తరగతికి తీసుకురండి. కలిసినవారి పేర్లు రాయవద్దు, పని పేరు రాస్తే చాలు.